బామ్మర్ది సంతకం

ఈస్టర్ మధ్యాహ్నం అత్తగారింటి పెరట్లో బల్ల చుట్టూ చేరి అందరూ ఎవరిది పగలకుండా మిగులుతుందో చూడ్డానికి పండగ ఆటగా ఎర్రగుడ్లు ఢీకొట్టుకుంటున్నారు. గావ్రిల్ గుడ్డు ఇంకా పగల్లేదు. తోడల్లుళ్ళ గుడ్లు, పక్కింటాయన గుడ్డు అన్నీ నుజ్జయ్యాయి. అంతలో వీధిలో హారన్ మోగింది. గేటు ముందు కొత్త తెల్ల వ్యాను ఆగింది. దాని తలుపు మీద గావ్రిల్ బామ్మర్ది సెజార్ పేరు నీలం అక్షరాల్లో మెరుస్తోంది. పేరు కింద ‘లైసెన్సుగల ఎలక్ట్రీషియన్’ అని ఉంది. గుడ్లు ఎక్కడివక్కడ వదిలేసి అందరూ గేటు దగ్గరికి పరుగెత్తారు. గెలిచిన గుడ్డు చేతిలో పట్టుకుని గావ్రిల్ ఒక్కడే బల్ల దగ్గర మిగిలాడు.

అత్తగారు సవేతా ఆ అక్షరాలను వేలితో తడిమి, ఏప్రన్ అంచుతో కళ్ళొత్తుకుంది. "మీ నాన్న బతికుంటే ఎంత సంబరపడేవాడురా!" అంది కొడుకుతో.

"ఏమయ్యా, అక్కడే కూర్చుండిపోయావేం? వచ్చి చూడు, ఎంత బాగా రాయించాడో!" అని భార్య ప్రొఫీరా కేకేసింది.

గావ్రిల్ నిదానంగా లేచి వచ్చి చూశాడు. "అక్షరాలు కాస్త వంకరొచ్చినట్టున్నాయే" అన్నాడు.

ఏమీ వంకర రాలేదు. ఆ సంగతి అందరికంటే గావ్రిల్‌కే బాగా తెలుసు.

అతనికప్పుడు నలభై ఆరేళ్ళు. కుర్రతనంలో రదౌత్సీ పట్నంలోని కలప ఫ్యాక్టరీలో కరెంటు పని నేర్చుకున్నాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇళ్ళల్లో వైరింగు పనులు పట్టుకున్నాడు. ఇటలీ, స్పెయిన్ వెళ్ళి సంపాదించుకొచ్చినవాళ్ళు ఊరి చివర మూడంతస్తుల మేడలు కట్టుకుంటున్న రోజులవి. చేతినిండా పని. అయితే కరెంటు ఆఫీసువాళ్ళు మీటరు బిగించాలంటే, వైరింగు సరిగ్గా ఉందని లైసెన్సున్నవాడెవడైనా సంతకం పెట్టాలి. గావ్రిల్‌కి లైసెన్సు లేదు. ఫ్యాక్టరీలో పాత ఫోర్‌మన్ ఇలారియోన్‌కి ఉంది. పనంతా గావ్రిల్ చేసేవాడు. ముసలాయన వంటింట్లో కూర్చుని ప్లమ్ సారా చప్పరిస్తూ సంతకం గీకేవాడు. అలా చాలా ఏళ్ళు హాయిగా నడిచిపోయింది.

సెజార్‌కి ఆ పని నేర్పింది గావ్రిలే. చదువు అబ్బక ఇంట్లో పడుకుని ఉన్న పెళ్ళాం తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, గోడలో గాడి కొట్టడం దగ్గర్నుంచి బోర్డు కట్టడం దాకా అన్నీ చూపించాడు. ఆ కుర్రాడు కాస్త పెద్దవాడయ్యాక సుచావా పట్నంలో లైసెన్సు కోర్సులో చేరతానంటే కడుపుబ్బ నవ్వాడు కూడా. "తీగ పట్టుకుంటే ఒణికేవాడివి, పుస్తకం పట్టుకుని ఏం చేస్తావురా?" అన్నాడు. సెజార్ వెళ్ళి చేరాడు. ఏడాది తిరిగేసరికి లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆ చలికాలంలోనే ఇలారియోన్ పోయాడు. దాంతో గావ్రిల్‌కి సంతకం కావాలంటే బామ్మర్ది గుమ్మం తొక్కక తప్పలేదు.

సెజార్ బెట్టు చేసినా గావ్రిల్‌కి ఇంత బాధ ఉండేది కాదు. కాగితం ఇలా ఇస్తే అలా సంతకం పెట్టేసేవాడు. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తోసేసేవాడు. "ఛ, నీ దగ్గరా బావా?" అనేవాడు. ఆ ‘నీ దగ్గరా’ అన్న మాట గావ్రిల్ గొంతులో చేపముల్లులా దిగబడిపోయేది. ముసలాయనకు డబ్బిచ్చేవాడు, సారా పోసేవాడు, తల ఎగరేసుకుని బయటికొచ్చేవాడు. వీడి దగ్గర మాత్రం చెయ్యి చాపినవాడిలా రావాల్సి వస్తోంది.

ఊళ్ళోవాళ్ళు సరేసరి. గావ్రిల్ నిచ్చెన మీదుంటే కిందనుంచి "సెజార్ గారెప్పుడొస్తారు?" అని అడిగేవాళ్ళు.

ఈస్టర్ అయిన మర్నాడు వంటింట్లో మొక్కజొన్న పిండితో మామలీగ సంకటి కలియబెడుతున్న ప్రొఫీరా, వెనక్కి తిరక్కుండానే అంది: "నువ్వూ ఆ పరీక్షేదో రాసెయ్యకూడదూ?"

"నీకేం, అంటావు! ఫీజు ఎవడు కడతాడు? వారానికి రెండ్రోజులు సుచావా బస్సెక్కి పోతే ఇక్కడ పని ఎవడు చేస్తాడు? పోనీ అంతా పెట్టి పాసయ్యాననుకో, ఒరిగేదేముంది? అదే గోడ, అదే తీగ. కాగితం జేబులో ఉందని కరెంటు నాకు దణ్ణం పెడుతుందా?"

"సంతకం నీదవుతుంది."

"సంతకం ఊరికే వస్తోందిగా!"

"అందుకేగా రోజూ ముఖం అలా మాడ్చుకుంటున్నావు?" అంది ప్రొఫీరా. మామలీగను చెక్క మీద బోర్లించి, దారంతో ముక్కలు కోస్తూ నెమ్మదిగా అంది. "ఫీజంటావు, బస్సంటావు. నీకు అన్నిటికంటే ఖరీదైంది ఇంకొకటుంది. దాని ఊసెత్తవేం?"

"ఏంటది?"

"లైసెన్సున్నవాడి కింద పనిచేశానని ఎవరో ఒకరు రాసిస్తేనే పరీక్షకి కూర్చోనిస్తారుట. ఇలారియోన్ లేడు. ఇంక మిగిలింది మా తమ్ముడే. వాడి దగ్గర జీతానికి చేరాలి. నీకు నొప్పి అక్కడ."

గావ్రిల్ పళ్ళెం పక్కకి నెట్టి లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ మాట ఎత్తొద్దన్నాడు. ఆమె ఎత్తలేదు. కానీ ఆ లెక్క అతని బుర్రలోంచి పోలేదు. గోడలు తవ్వుతున్నా, బోర్డులు బిగిస్తున్నా పెట్టాల్సిందెంత, వచ్చేదెంత అని వేసుకుంటూనే ఉన్నాడు. ప్రతిసారీ నష్టమనే తేలేది. ఎందుకంటే ప్రతిసారీ ఆ లెక్కలో బామ్మర్ది వ్యానును కూడా కలిపేసేవాడు.

వేసవి మొదట్లో హార్డ్‌వేర్ కొట్లో దొమ్నికా కనబడింది. ఆమె మొగుడు పోయాక కొండదారిలో ఉన్న ఇంటిని పడగొట్టి పెద్ద గెస్ట్‌హౌస్ కట్టిస్తోంది. ఆ చుట్టుపక్కల ఆ ఏడాది అంత పెద్ద పని ఇంకొకటి లేదు.

"గావ్రిల్, వైరింగు మీ సెజార్‌కి ఇద్దామనుకుంటున్నాను. కుర్రాడెలాంటివాడు?"

మంచివాడు అనొచ్చు. నేనే నేర్పానండీ అని గొప్పలు పోవచ్చు. గావ్రిల్ రెండూ చెయ్యలేదు. "మంచోడేనండీ. ఇహ సర్టిఫికెట్ సంగతంటారా... ఈ రోజుల్లో అవెలా వస్తాయో మీకు తెలీనిదేముంది!" అన్నాడు. అని, డబ్బు అన్నట్టుగా బొటనవేలితో చూపుడువేలిని కొంచెం రుద్దాడు. అంతే. కొట్లోంచి బయటికొచ్చాక, తను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

వేళ్ళు రుద్దిన ఆ కాస్త సంగతి రొట్టెల దుకాణం దగ్గరికి వచ్చేసరికి కథ అయింది. చర్చి మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ కథలోకి పందిపిల్ల కూడా వచ్చి చేరింది. సెజార్ పరీక్ష పెట్టినవాళ్ళకు పందిపిల్లను తోలుకెళ్ళి ఇచ్చాడట! అది విని అందరూ నవ్వారు. గావ్రిల్ కూడా నవ్వాడు. చాలా రోజుల తర్వాత ఆ రోజు అతనికి అన్నం సహించింది.

గెస్ట్‌హౌస్ పని గావ్రిల్‌కే వచ్చింది. ప్రాణం పెట్టి చేశాడు. గాడులన్నీ నూలు పట్టి గీసినట్టు తిన్నగా కొట్టాడు. బోర్డులోని తీగల్ని జడ అల్లినట్టు సర్దాడు. దొమ్నికా చూసి మురిసిపోయింది. అంతా అయ్యాక, "మరి మీటరు కాగితం?" అని అడిగింది.

గావ్రిల్ పని లాక్కున్న ఉత్సాహంలో ఆ సంగతే మరిచిపోయాడు. సంతకం పెట్టాల్సింది ఎవరు? ఊరంతా పందిపిల్లనిచ్చి లైసెన్సు కొన్నాడని చెప్పుకుంటున్నవాడే.

సుచావాలో ఇంకెవరైనా దొరుకుతారేమో అని వెతికాడు. దొరికినవాళ్ళు ముక్కూ మొహం తెలియనివాడి పనికి సంతకం పెట్టేది లేదన్నారు. చివరికి గొంతు సవరించుకుని సెజార్‌కి ఫోను చేశాడు.

"ఒక సంతకం కావాలి."

"ఎక్కడ బావా?"

"దొమ్నికాగారి గెస్ట్‌హౌస్‌కి."

"వస్తాను. కానీ ఈసారి చూశాకే పెడతాను" అన్నాడు సెజార్.

అంతకుముందు ఒక్క ఇంటికీ వచ్చి చూసింది లేదు. బావ చేసిన పని కదా అని కళ్ళు మూసుకుని పెట్టేసేవాడు. కక్ష తీర్చుకోవడానికే వస్తున్నాడని గావ్రిల్ నిశ్చయించుకున్నాడు. ఎక్కడ వంక పెడతాడో చూద్దామని మర్నాడు పొద్దున్నే వెళ్ళి బోర్డు మీద దుమ్ము కూడా తుడిచాడు.

సెజార్ వచ్చాడు. దొమ్నికాకి నమస్కారం పెట్టి, బావను తీసుకుని మేడ మీది స్నానాలగదిలోకి వెళ్ళి తలుపు వేశాడు. గీజరు వెనక సాకెట్టు విప్పి చూశాడు. మిగతా గదుల్లోనూ విప్పి చూసి తిరిగొచ్చాడు.

"న్యూట్రల్‌నీ ఎర్తునీ సాకెట్టులోనే కలిపేశావు బావా."

"కలిపాను. ఇలారియోన్ అలాగే నేర్పాడు. నీకూ నేనలాగే నేర్పాను. ఇన్నేళ్ళుగా ఇలాగే కడుతున్నాను, ఒక్కడూ చావలేదు."

"చావలేదు కాబట్టే ఇంకా ఇలాగే కడుతున్నావు" అన్నాడు సెజార్. అతని గొంతులో వెటకారం ఉంది, ఆ వెటకారాన్ని అతను ఆస్వాదిస్తున్నాడు కూడా. కట్టుబడి కోసం ఇచ్చిన తాత్కాలిక కరెంటు వస్తోంది కాబట్టి కింద బోర్డు దగ్గరికి వెళ్ళి, కరెంటు తిరిగి వెళ్ళే న్యూట్రల్ తీగ ఒక్కటీ ఊడదీశాడు. పైకొచ్చి లైటు స్విచ్చి వేశాడు. లైటు వెలగలేదు. "తీగ ఎక్కడో తెగింది. చలికాలంలో మంచు బరువుకి రోజూ జరిగేదే. లైటు వెలగలేదు కదా, కరెంటు లేదనుకుంటాడు వచ్చినవాడు. తడి చేతులతో వచ్చి దీన్ని ముట్టుకుంటాడు." జేబులోంచి టెస్టరు తీసి గావ్రిల్ చేతికిచ్చాడు. "పెట్టు."

గావ్రిల్ టెస్టరు మొనను గీజరు డొక్క మీద ఆనించాడు. టెస్టరులో ఎర్రటి దీపం వెలిగింది.

ఇంకోచోట ఆనించాడు. అక్కడా వెలిగింది. తిరిగి వెళ్ళే దారి తెగేసరికి గీజరు ఒంటినిండా కరెంటే.

గావ్రిల్ తొట్టి అంచు మీద కూలబడ్డాడు. ముందుగా గుర్తొచ్చింది తన ఇంట్లో బట్టలుతికే మిషను. తర్వాత అత్తగారి వంటిల్లు. ఆ తర్వాత ఊరి చివరి మేడలు, వాటిలో పెరిగే పిల్లలు ఒక్కొక్కరే కళ్ళముందుకొచ్చారు. లెక్కపెట్టే ధైర్యం లేకపోయింది.

"నేను సర్టిఫికెట్ కొనుక్కున్నానని ఊళ్ళో చెప్పావటగా" అన్నాడు సెజార్, గోడకి ఆనుకుని. "ఎంతకి కొన్నానో కూడా చెప్పాల్సింది బావా. నువ్వూ ఒకటి కొనుక్కునేవాడివి."

"ఎవరు చెప్పారు నీకు?"

"దొమ్నికాగారే. అదే రోజు. ‘మీ బావకి నువ్వంటే ఎంత ప్రేమో చూడు’ అంది."

గావ్రిల్ తలదించుకున్నాడు. "కుళ్ళురా" అన్నాడు. "నీ వ్యానును చూస్తే కుళ్ళు. మీ అమ్మ నీకు ముందు వడ్డిస్తే కుళ్ళు. నువ్వు డబ్బు తీసుకోకపోతే ఇంకా కుళ్ళు."

సెజార్ నవ్వబోయి ఆగిపోయాడు. "నన్నూ చెప్పనీ. ఇన్నాళ్ళూ నీ ఇళ్ళకి చూడకుండా సంతకాలు పెట్టాను. కోర్సులో మొదటి వారమే చెప్పారు ఇలా కలపకూడదని. నువ్వింకా కలుపుతూనే ఉంటావని నాకనిపించింది. వచ్చి చూస్తే నీకు చెప్పాల్సొస్తుంది. నీ ముందు నోరెత్తడానికి భయమేసి రాలేదు. ఎవడైనా చచ్చుంటే నా పేరు మీదే చచ్చేవాడు."

కిందనుంచి "కాఫీ పెట్టనా?" అని దొమ్నికా అరిచింది. గావ్రిల్ లేచి స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

ఆ గెస్ట్‌హౌస్‌లో ప్రతి సాకెట్టూ విప్పి, ఎర్తుకి వేరే తీగ లాగారు. అందంగా పూసిన గోడలు మళ్ళీ తవ్వారు. దొమ్నికా శాపనార్థాలు పెట్టింది. పని చేసిన కూలి ఆ మరమ్మతుకే పోయింది. ఆ తర్వాత గావ్రిల్ అడగాల్సిన మాట అడగడానికి ఆకురాలే కాలం దాకా పట్టింది. ఒకరోజు సెజార్ వ్యానులో సామాను ఎక్కిస్తుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"ఆ పరీక్ష రాద్దామనుకుంటున్నాను."

"రాయి."

"నీ కింద పనిచేసినట్టు కాగితం కావాలట."

"కావాలి" అని సెజార్ తీగల చుట్ట సర్దుకుంటూ ఉండిపోయాడు. గావ్రిల్‌కి అర్థమైంది. వీడు తన నోటితోనే అడిగించుకుంటాడు. ఆ పూట ఆకాశం పగిలి మీద పడితే బాగుండుననిపించింది.

"నన్ను పనిలో పెట్టుకుంటావా, సెజార్?"

"సోమవారం ఏడింటికి" అన్నాడు సెజార్. "ఆలస్యమైతే ఊరుకోను. నువ్వూ ఊరుకునేవాడివి కాదుగా."

అలా గావ్రిల్ బామ్మర్ది వ్యానులో పక్కసీటు మనిషయ్యాడు. మొదటి నెలలు నరకంగా గడిచాయి. ఇళ్ళవాళ్ళు సెజార్‌తో మాట్లాడేవాళ్ళు, కాఫీ మాత్రం ఇద్దరికీ ఇచ్చేవాళ్ళు. రొట్టెల దుకాణం దగ్గర ఒకడు "ఏంటి గావ్రిల్, పందిపిల్లను నువ్వే మేపుతున్నావా ఇప్పుడు?" అన్నాడు. గావ్రిల్‌కి ఒళ్ళు మండింది. కానీ పందిపిల్లను ఊళ్ళోకి వదిలింది తనే.

సుచావాలో క్లాసు గదిలో అతనొక్కడే నెరిసిన జుట్టువాడు. సూత్రాలు బుర్రకెక్కేవి కావు. చేతికి తెలిసినదాన్ని అక్షరాల్లో చూస్తే పరాయి మనిషిని చూసినట్టుండేది. అయితే ఎర్తింగు పాఠం వచ్చిన రోజున మాత్రం ఒక్క మాట కూడా వదలకుండా విన్నాడు. బస్సులో తిరిగొస్తూ తను తీగలు లాగిన ఇళ్ళ పేర్లన్నీ పుస్తకం వెనక రాసుకున్నాడు. పెట్టింది, వచ్చేది అని తను ఇన్నాళ్ళూ వేసిన లెక్కలో ఈ పద్దు లేనే లేదు.

వాళ్ళిద్దరూ పాత ఇళ్ళకు వెళ్ళడం అప్పుడే మొదలుపెట్టారు. మొదట గావ్రిల్ ఇల్లు, తర్వాత సవేతా ఇల్లు, తర్వాత మేడలు. "ఊరికే చూసిపోతాం" అని చెప్పి లోపలికెళ్ళేవాళ్ళు. కొందరు మొదట్లోనే సరిగా చెయ్యలేదని గావ్రిల్‌ని తిట్టారు. తలుపే తియ్యనివాళ్ళూ ఉన్నారు. ఇటలీలో ఉన్నవాళ్ళ ఇళ్ళకు తాళాలుంటే, వాళ్ళకి ఫోన్లు చేసి వేసవిలో వచ్చేదాకా గీజరు వాడొద్దని బతిమాలుకున్నారు. సెజార్ కూలి అడగలేదు, గావ్రిల్ అడగనివ్వలేదు. ఆ ఒక్క విషయంలో ఇద్దరికీ మాట తేడా రాలేదు.

రెండేళ్ళ తర్వాత పరీక్ష రాశాడు. ఫలితాలొచ్చిన రోజు ప్రొఫీరా ఫోనులో చూసి చెప్పింది. నమ్మక రెండోసారి చదివించుకున్నాడు. ఆమె అతని మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఏదో తేల్చుకున్నట్టు అంది.

"ఇప్పుడు చెప్పొచ్చు. మా తమ్ముడు మొదటిసారి తప్పాడు. మన కొట్టంలో కూర్చుని ఏడ్చాడు. ఎవరికి తెలిసినా ఫరవాలేదక్కా, బావకి మాత్రం తెలియకూడదన్నాడు."

గావ్రిల్‌కి గుండెల్లో ఏదో తీయగా పొంగింది. వాడు తప్పాడు! తను మొదటిసారికే గట్టెక్కాడు! గుమ్మంలోకి వచ్చి వీధివైపు చూశాడు. రొట్టెల దుకాణం అక్కడికి ఎంతో దూరం లేదు. కొట్టంలో చీకట్లో కూర్చుని ఏడుస్తున్న కుర్రాడు కళ్ళల్లో మెదిలాడు. ఆ ఏడుపులో సగం తన నవ్వుకి భయపడి ఏడ్చిందే. లోపలికొచ్చి తలుపు వేసుకున్నాడు. ఆ సంగతి అతని నోట ఎన్నడూ బయటికి రాలేదు.

సెజార్‌కి ఫోను చేశాడు.

"పాసయ్యాను."

"మార్కులెన్ని?" అన్నాడు సెజార్, ఊపిరి కూడా తీసుకోకుండా.

గావ్రిల్ చెప్పాడు. అవతల చాలాసేపు నిశ్శబ్దం. అది ఎలాంటి నిశ్శబ్దమో గావ్రిల్‌కి క్షుణ్ణంగా తెలుసు. ఇన్నేళ్ళూ అందులోనే బతికాడు.

"పేపరు తేలిగ్గా ఇచ్చుంటారు" అన్నాడు సెజార్ చివరికి.

"ఇచ్చుంటారు" అన్నాడు గావ్రిల్. నవ్వు ఆపుకోలేక ఫోను దూరంగా పెట్టుకున్నాడు.

ఆ శరత్కాలం నుంచి గావ్రిల్ విడిగా పని పెట్టుకున్నాడు. తన కాగితాల మీద తనే సంతకం పెడుతున్నాడు. సంపాదన మునుపటికంటే మరీ ఎక్కువేం కాలేదు. ఫీజులూ పోయిన కూలీ పూడడానికి చాలాకాలం పట్టింది. బామ్మర్దికి పెద్ద పని దొరికిందని వింటే ఇప్పటికీ అతని కడుపులో మంట లేస్తుంది. తనకు దొరికినప్పుడు సెజార్ ముఖం ఎలా ఉంటుందో చూడడానికి ఏదో సాకు పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళొస్తుంటాడు. అక్కడ సెజార్ ముందు కాఫీ ఇస్తాడు, తర్వాత గాడుల లోతు, తీగల మందం, ఎర్తు గొయ్యి ఎక్కడ తవ్వావు అని ఆరా తీస్తాడు. గావ్రిల్ ఒక్కొక్కదానికీ జవాబు చెప్పి, ఎక్కడా వంక దొరకనివ్వకుండా లేచి వచ్చేస్తాడు.